సీటు మొరాయిస్తోందా?

మీట నొక్కినా కారులో పవర్‌ సీటు కదలడం లేదా? కంగారొద్దు. ముందు టార్చి వేసి సీటు కింద చూడండి. పట్టాల్లో నాణెమో, పిల్లల బొమ్మో ఇరుక్కుని ఉండొచ్చు. అదేం లేకపోతే మీట నొక్కి చెవి పెట్టి వినండి. మోటారు చప్పుడే రాకపోతే ఫ్యూజులోనో, స్విచ్చులోనో, వైర్లలోనో లోపం ఉండొచ్చు. కాలిన ఫ్యూజు స్థానంలో అన్నే ఆంపియర్లది వేయాలి. పెద్దది వేస్తే వైర్లు కాలే ప్రమాదముంది. మోటారు తిరుగుతున్నా సీటు కదలదంటే పళ్లచక్రమో, కేబులో పాడై ఉండొచ్చు. అప్పుడు సీటు విప్పాల్సిందే. ఆ పని మాత్రం ఇంట్లో వద్దు. చాలా కార్లలో సీటు కింద కనిపించే పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని తెలియక కదిపితే బ్యాగు ఒక్కసారిగా తెరుచుకోవచ్చు. లేదా ప్రమాదం జరిగినప్పుడు తెరుచుకోకపోవచ్చు. మెకానిక్‌కు అప్పగించడమే మేలు.