చట్టము - సంసారము : పుట్టినింటి చేనులో భాగము

గోరంట్ల నుండి యొక సోదరి మాకిట్లు వ్రాసినది. ఆమెకు 1983లో వివాహమైనది. తండ్రి 2001లో గతించెను. తాతలనాఁటి వేరుసెనగ చేను నేఁటికిని పంపకము కాలేదు. ఇప్పుడు అన్నదమ్ములు చీరెయు, పసుపుకుంకుమలును దెచ్చి, యొక కాగితముపై సంతకము చేయుమనుచున్నారు. “పెండ్లియైన ఆఁడుబిడ్డకు భాగమెక్కడిది? సంతకము చేయనిచో మా గడప త్రొక్కవలదు” అని వారి మాట.

సోదరీ! మీకు భాగము గలదని మేము చెప్పఁగలము. 1985 సెప్టెంబరు 5 నుండి మన రాష్ట్రమున అమలైన సవరణ, పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమభాగ మిచ్చినను, అప్పటికే వివాహమైనవారిని విడిచినది. మీ సోదరులు దానినే పట్టుకొనియున్నారు. కాని 2005 సెప్టెంబరు 9 నాఁటి కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించినది. ఆనాఁటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని సుప్రీంకోర్టువారు వినీతా శర్మ వ్యాజ్యమున 2020 ఆగస్టు 11న తేల్చిరి.

2004 డిసెంబరు 20కి పూర్వమే అమ్మకముగాని, రిజిస్టరు దస్తావేజుతోనో కోర్టు డిక్రీతోనో పంపకముగాని జరిగియున్నచో దానిని కదల్పరు. నోటిమాటతో పంచుకొంటిమనుట సాధారణముగా చెల్లదు. తండ్రి స్వార్జితమునకు నియమము వేఱు: ఆయన దానిని వీలునామాతో తనకిష్టమైనవారికి వ్రాయవచ్చును, వీలునామా లేనిచో అందును మీకు సోదరులతో సమభాగమే.

కావున చదువక సంతకము చేయకుఁడు. హక్కు విడుదల పత్రము రిజిస్టరైన పిమ్మట భాగము తిరిగి పొందుట కష్టము. భాగము లేదనిరని తెలిసిన నాఁటినుండి 12 ఏండ్లలో దావా వేయవలయును. తోడఁబుట్టినవారిపై ప్రేమచే విడువఁదలఁచిన విడువవచ్చును. కాని తెలిసి విడువుఁడు.

హిందూపురము చెంత బట్టలు కుట్టు కర్మాగారమున పనిచేయు వేఱొక సోదరికి, కాన్పునకు వెళ్లిన ఉద్యోగము పోవునని భయము. కాన్పునకు ముందటి 12 నెలలలో 80 దినములు పనిచేసినచో జీతముతో సెలవు హక్కు. 1961 నాఁటి చట్టమును 2017లో సవరించి దానిని 26 వారములు చేసిరి. ఇద్దఱు బిడ్డలున్నవారికి 12 వారములు. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతియు ఈ హక్కును నిలిపినది. ఇ.ఎస్.ఐ. వర్తించునెడల సొమ్ము ఆ సంస్థనుండి వచ్చును. సెలవునం దుండఁగా పనినుండి తీసివేయుట చెల్లదు. సెలవు కోరుట వ్రాతమూలముగా నుండవలయును.

వకీలునకు సొమ్ము లేదని వెనుదీయ నక్కఱలేదు. ఆదాయముతో నిమిత్తము లేక స్త్రీలకు ఉచిత న్యాయసహాయమును 1987 నాఁటి చట్ట మొసఁగినది. పెనుకొండ, హిందూపురము, ధర్మవరము కోర్టులలో విచారింపుఁడు. లేదా 15100కు ఫోను చేయుఁడు.