కూరల తొట్టెలో దోమల కాపురం

డాబా మీద ఒకే తొట్టెలో వంగ, టమాటా, మిరప, అంచుల వెంట మెంతికూర పెంచుకోవటం మంచి అలవాటే. అడుగు అరలో నీళ్లు పోసి ఉంచితే గుడ్డవత్తి ద్వారా మట్టి తనకు కావలసిన తడి పీల్చుకుంటుంది. రెండు రోజులు ఊరెళ్లినా మొక్కలు వాడవు.

అయితే ఆ అరలో నిలవుండే మంచినీళ్లే డెంగ్యూ దోమకు పురిటిగది. ఇది మురుగుకాలవ దోమ కాదు, పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమగా మారటానికి వారం, పదిరోజులు చాలు.

కాబట్టి నీళ్లు పోసే గొట్టానికి బిగువైన మూత పెట్టండి. ఎక్కువ నీరు బయటికి పోయే రంధ్రానికి సన్నని వల కట్టండి. వారానికొకసారి అర ఖాళీచేసి, లోపలి గోడలు బ్రష్షుతో రుద్ది కడగండి. ఊరికే ఒంపేస్తే చాలదు. గోడకంటుకున్న గుడ్లు తడి లేకపోయినా నెలల తరబడి చావవు.

ఇంట్లో ఎవరికైనా హఠాత్తుగా తీవ్రమైన జ్వరం, కళ్లవెనుక నొప్పి, ఒళ్లునొప్పులు వస్తే డాక్టరుకు చూపించండి. ఆయన చెప్పనిదే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ బిళ్లలు వేయకండి. రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జ్వరం దిగింది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఆ తరువాతనే కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపించవచ్చు. కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి తీసుకువెళ్లండి.