మొదటి పేజీ కనబడకపోతే

కిందటి సంచికలో వారసత్వపు నామినేషన్ల గురించి వ్రాస్తే, "ఎప్పుడూ డబ్బు గొడవేనా అన్నయ్యగారూ, వేరే ఏదైనా వ్రాయకూడదూ" అని మన సోదరీమణులొకరు అడిగారు. సరే, ఈసారి కంప్యూటరు. నేను బి.కాం. చదివిన బ్యాంకు ఉద్యోగిని, ఇంజనీరును కాను. చెప్పేది మా ఇంట్లో జరిగిన సంగతే.

కూరెకుప్పలో మా ఇంట్లో 2012లో కొన్న కంప్యూటరు ఒకటుంది. వారానికోసారి ఎర్రదుమ్ము దులపకపోతే దాని ఫ్యాను మూలుగుతుంది. మొదట విండోస్ 7, తర్వాత విండోస్ 10 దానిలో నడిచాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా సవరణలు ఆగిపోయాయి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనేది కావాలట, మా యంత్రానికి అది లేదు. అమ్మేయమని మా ఆవిడ. నాకు మనసొప్పలేదు. దాని డి డ్రైవులో మా అమ్మ పాడిన మంగళహారతులున్నాయి. పోవడానికి ఏడాది ముందు మంచం పక్కన కూర్చుని నేనే రికార్డు చేశాను. మరో కాపీ లేదు. బ్రాంచిలో రోజువారీ బ్యాకప్పు తీశారా లేదా అని పాతికేళ్లు అందరి ప్రాణం తీసినవాణ్ణి, ఇంట్లో మాత్రం ఆ పని చేయలేదు.

ఉచితంగా దొరికే ఉబుంటు వేద్దామనుకున్నాం. ఒక ఆదివారం పక్కింటి అబ్బాయి పెన్‌డ్రైవు తయారు చేసి తెచ్చాడు. విండోస్ పక్కనే పెట్టుకోవాలని ముందే నలభై జీబీ ఖాళీ చేసి ఉంచాను. తీరా చూస్తే ఇన్‌స్టాలరుకు మా విండోస్ కనబడనే లేదు. "డిస్కంతా తుడిచి ఇన్‌స్టాల్ చేయండి" అనే దారి మాత్రం పైనే ఉంది. మనమే విభజించుకునే దారిలోకి వెళితే, బూట్ కావడానికి ఈఎఫ్ఐ పార్టిషన్ కావాలి, అది లేదు అంది.

"విండోస్ పాడైనట్టుంది అంకుల్. మొత్తం ఫార్మాట్ కొట్టేద్దాం, పది నిమిషాల పని" అన్నాడు. బాణం గుర్తు ఆ బటను మీదే ఉంది.

"ఆగు నాయనా, మౌసు వదులు" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది పాపం.

ఆ రాత్రి కూర్చుని చదువుకుంటే నాకు అర్థమైంది ఇది. డిస్కును మన పాత లెడ్జరు అనుకోండి. మొదటి పేజీలో ఏ ఖాతా ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా అని సూచిక ఉంటుంది. డిస్కులో ఆ సూచికను ఎంబీఆర్ అంటారు. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీతో పది మెగాబైట్ల హార్డుడిస్కు వచ్చిన కాలంనాటి పద్ధతి. మొత్తం 512 బైట్ల పేజీ. అందులో 446 యంత్రాన్ని లేపే ఆదేశాలకు, 64 సూచికకు, చివరి రెండు ముద్రకు. సూచికలో నాలుగే వరుసలు. రెండు టెరాబైట్లు దాటిన డిస్కును పూర్తిగా వాడుకోలేదు. తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతిలో మామూలుగా 128 వరుసలుంటాయి, పైగా సూచిక నకలు డిస్కు చివర కూడా ఉంటుంది. నకలు పెట్టాలన్న బుద్ధి పుట్టినవాడెవడో బ్యాంకులో పనిచేసి ఉండాలి.

యంత్రాన్ని లేపే పద్ధతులు కూడా రెండు. పాత బయాస్ నేరుగా ఆ మొదటి పేజీలోని ఆదేశాలు చదువుతుంది. కొత్త యూఈఎఫ్ఐ అలా కాదు, ఫ్యాట్32 రకపు చిన్న పార్టిషన్ ఒకటి వెదికి, అందులోని ఫైలుతో మొదలవుతుంది. మా విండోస్ పాత పద్ధతిలో వేసినది. పెన్‌డ్రైవేమో కొత్త పద్ధతిలో లేచింది. ఆ పద్ధతిలో లేచిన ఇన్‌స్టాలరు పాత పద్ధతి విండోస్‌ను లెక్కలోకి తీసుకోదు. అంటే ఏదీ పాడవలేదు. కన్నడంలో వ్రాసిన చిట్టాను తెలుగు మాత్రమే వచ్చిన గుమాస్తా చేతిలో పెట్టినట్టయింది, అంతే.

మర్నాడు పొద్దున్నే మొదట చేసిన పని డి డ్రైవు నకలు. ఉబుంటును ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవు నుంచే నడిపి చూడవచ్చు. అలా నడిపితే డ్రైవు తెరుచుకోనంది. మళ్లీ గుండె గుభేలుమంది. విండోస్ 10 మామూలుగా ఆపితే పూర్తిగా ఆగదట, సగం నిద్రలో ఉంటుందట. విండోస్‌లోకి వెళ్లి షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్‌డౌన్ చేసి వచ్చాక తెరుచుకుంది. బయటి డిస్కులోకి అంతా ఎక్కించాను.

తర్వాత అసలు పని. కంప్యూటరు వెలుగుతుండగా ఎఫ్12 నొక్కితే (కొన్నింటికి ఎఫ్9, కొన్నింటికి ఎస్కేప్) ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది. అక్కడ ఒకే పెన్‌డ్రైవు పేరు రెండుసార్లు కనబడింది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంది. అది లేని రెండోదాన్ని ఎంచుకున్నాం. ఈసారి ఇన్‌స్టాలరు విండోస్‌ను పేరుపెట్టి పిలిచింది. మాకు మూడు పార్టిషన్లే ఉన్నాయి కాబట్టి నాలుగో వరుసలో ఉబుంటు సర్దుకుంది. ఆదివారం కదా కరెంటు పోలేదు, అదో అదృష్టం అనబోయాను, ఆ రోజు సోమవారం. నేను సెలవు పెట్టాను.

కొత్త ల్యాప్‌టాపులవారికి ఒక మాట. విండోస్ 11 వేస్తుంటే డిస్కే కనబడకపోతే కంగారుపడి కొత్తది కొనకండి. ఇంటెల్ వీఎండీ అనే ఏర్పాటు ఉన్న యంత్రాలకు దాని డ్రైవరును తయారీదారు సైటు నుంచి పెన్‌డ్రైవులోకి దించి, అక్కడే లోడ్ చేయాలి. బయాస్‌లో డిస్కు పద్ధతిని తోచినట్టు మారిస్తే ఉన్న విండోస్ కూడా లేవకపోవచ్చు. పైగా బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల తాళంచెవి అడుగుతుంది. అది ముందే కాగితం మీద వ్రాసి పాస్‌బుక్కులతో పాటు బీరువాలో పెట్టుకోండి.

సాయంత్రం పక్కింటి అబ్బాయిని కాఫీకి పిలిచి, కొత్త ఉబుంటులోనే అమ్మ పాట పెట్టాను. రెండో చరణం దగ్గర ఆపి అమ్మ అంటోంది: "ఒరేయ్, ఆ ఫ్యానన్నా ఆపరా, నా గొంతు నాకే వినబడట్లేదు." ఆ కుర్రాడు చప్పున లేచి మా హాల్లో ఫ్యాను కట్టేశాడు.