అట్టమీది పేరు

పాటకు ముఖమెందుకని అడిగేవారున్నారు. 1940 ప్రాంతంలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే యువకుడు అమెరికాలో కొలంబియా గ్రామఫోను రికార్డుల సంపుటాలకు బొమ్మలు వేయనారంభించే వరకు వర్తకులూ అట్లే అనుకున్నారు. అంతవరకు వాటిలో చాలా భాగం ఖాతా పుస్తకాల వలె సాదాగా ఉండేవి. కాసెట్ల కాలం వచ్చేసరికి ఆ పని మావంటి విద్యార్థుల చేతికి వచ్చింది. 1980 దశకంలో మా జహీరాబాదులో ఖాళీ కాసెట్లో ఇష్టమైన పాటలు ఎక్కించుకొని, డ్రాయింగు కాగితాన్ని డబ్బా కొలతకు కత్తిరించి, దానిపై వీణనో నెమలినో గీసి మురిసిపోయేవాళ్లం.

అట్టిది నా వద్ద నేటికీ ఒకటి ఉన్నది. చెరకు తోటలో కలుపు తీసే ఒక అవ్వ పాడిన పాటలవి. అట్టమీద ఎర్రనేల, చెరకు గడలు, ఉదయ సూర్యుడు అన్నీ వేశాను. ఆమె పేరు మాత్రం వ్రాయలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవారు లేరు. రంగులు వెలిసిపోలేదు, నా సిగ్గూ తీరలేదు.

సినిమా పాటకు కవి ఎవరో, గాయకుడెవరో వెదికితే దొరుకుతుంది. పల్లెపాట పాడిన మనిషికి మన చేతి అట్టే శాసనం. మా సమీపాన మాచ్‌నూరులో 2008లో వెలసిన సంఘం రేడియోలో పల్లె స్త్రీలే పాటలు రికార్డు చేసి వినిపించారు. మన పిల్లలూ ఫోనులో అవ్వల పాటలు పట్టవచ్చు. కాసెట్ పోయినా అట్టబొమ్మ పోలేదు. ఫోనులో పాట ప్రక్కన చిన్న బొమ్మ ఉండనే ఉన్నది గదా!

ఉపాధ్యాయ మిత్రులారా, ఆ బొమ్మను పిల్లలచేతనే వేయించండి. కాని మార్కులు మొదట పాడిన వారి పేరుకు, ఊరికి, తేదీకి. ఆ తరువాతనే నెమలికి.