హాస్టల్ కబురు ఊరికి ఎవరు మోస్తున్నారు?



జూన్‌లో బడి తెరవగానే ట్రంకు పెట్టె, బకెట్టు, దుప్పటి మోసుకెళ్లి పిల్లని ఆశ్రమ పాఠశాలలో దించి వస్తాం. ఆ తర్వాత ఆ పిల్ల గురించి ఊరికి వచ్చే మొదటి కబురు ఏంటో మీరే గుర్తు చేసుకోండి. ఎక్కువసార్లు అది జ్వరం కబురే. "మీ పాపకి బాగోలేదు, వచ్చి తీసుకుపోండి" అని ఫోన్. అది కూడా మనింటికి రాదు. సిగ్నల్ అందే పక్క ఊళ్లో ఎవరికో వస్తుంది. ఆయన సంత పని చూసుకుని సాయంత్రం బండి మీద వచ్చి చెప్తాడు. అప్పటికే పిల్ల రెండు మూడు రోజులుగా మంచాన పడి ఉంటుంది.

అదే పిల్ల మండల ఆటల్లో పరుగుపందెం గెలిచిందని కబురు రాదు. తొమ్మిదో తరగతికి లెక్కల సారు బదిలీ అయ్యి వెళ్లాక ఇంకొకరు రాలేదని కబురు రాదు. బోరు చెడిపోయి పిల్లలు వాగుకి పోతున్నారని రాదు. చెడ్డ కబురు ఆలస్యంగా వస్తుంది, మంచి కబురు అసలు రాదు, మామూలు కబురంటూ ఒకటి ఉంటుందనే మనం మర్చిపోయాం.

ఒక మాట గట్టిగానే అంటాను. పోడు పట్టాల గురించి, 1/70 చట్టం గురించి మనం నెలనెలా మాట్లాడుకుంటాం, మాట్లాడుకోవాలి కూడా. హైస్కూలు గురించి మాట్లాడేది మాత్రం అక్కడ ఒక పిల్ల ప్రాణం పోయినప్పుడే. ఐటీడీఏ ముందు కూర్చుంటాం, ఒకరిని సస్పెండ్ చేస్తారు, ఎంక్వైరీ అంటారు. నెల తిరిగేసరికి ఆ బడి పేరు కూడా గుర్తుండదు. మనం అడిగేది జరిగిపోయిన దాని గురించి. జరుగుతున్నదేంటో తెలిస్తే కదా ముందే అడిగేది!

మిర్చి సంగతి చూడండి. మన గోదావరి ఏజెన్సీలో సంక్రాంతి సెలవులకి పిల్లలు ఇంటికి వస్తారు. సరిగ్గా అప్పుడే మిరపకాయ ఏరే కూలి మొదలవుతుంది. ఆటోల్లో, ట్రాలీల్లో ఊళ్లకి ఊళ్లు మైదానానికి కదులుతాయి. అమ్మ పోతుంది, వెనకాల పిల్ల పోతుంది, ఎనిమిదో తరగతి అయినా పదో తరగతి అయినా. "రెండు వారాలే కదా" అనుకుంటారు. రెండు వారాలు కాస్తా నెలన్నర అవుతుంది. మార్చిలో పదో తరగతి పరీక్షలు. హాజరు పట్టీలో ఆ పిల్ల పేరు పక్కన సున్నాలు పడుతూనే ఉంటాయి.

బడిలో అడిగితే "ఇంటికి పోయి రాలేదు" అంటారు. ఊళ్లో అడిగితే "బడి మానేసింది" అంటారు. రెండూ అబద్ధం కాదు. కానీ ఈ రెండు మాటల మధ్య ఒక్క మనిషి కూడా నడిచి పోలేదు. సెలవులు అయిపోయిన మొదటి వారంలోనే ఎవరెవరు తిరిగి రాలేదో ఊరికి తెలిసి ఉంటే, ఇంటి దగ్గర మిగిలిన ముసలాళ్లతోనో, కూలికి తీసుకుపోయిన మేస్త్రీతోనో మాట్లాడి సగం మందినైనా వెనక్కి తేవచ్చు. ఏప్రిల్‌లో తెలిస్తే ఏం చేస్తాం? తునికాకు కోయడానికి తోడు తీసుకుపోతాం.

ఇంతకుముందు ఈ కబురు మోసేవాళ్లు కొందరుండేవాళ్లు. మన సార్లు, మన టీచరమ్మలు. 2000 జనవరిలో వచ్చిన జీవో నెంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే ఉన్న ఉద్యోగాలు పోలేదు గానీ కొత్తగా వచ్చే దారి మూసుకుపోయింది. మనం దాన్ని ఉద్యోగాల నష్టంగానే లెక్కేశాం. ఇంకో నష్టం కూడా ఉంది. మన గూడెం సారు ఆదివారం మనం పోయే సంతకే వస్తాడు. ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుంటూ "మీ పిల్ల రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినట్లేదు, ఒకసారి వచ్చి చూసిపో" అని కోయలోనే చెప్తాడు. ఆ ఒక్క మాటకి ఏ సర్క్యులర్ సాటి వస్తుంది? ఏకలవ్య బడుల్లో ఇప్పుడు నియామకాలు దేశం మొత్తానికి ఒకే పరీక్షతో జరుగుతున్నాయి, అందులో హిందీ కూడా రావాలి. ఎంత మంచి సారు వచ్చినా, తెలుగే రెండో భాష అయిన మన అమ్మతో ఆయన ఏం మాట్లాడతాడు?

మిగిలిన మనవాళ్లలో చాలామంది సీఆర్టీలు, అంటే కాంట్రాక్టు టీచర్లు. ఏటేటా కొనసాగింపు ఉత్తర్వు కోసం ఎదురుచూసే మనిషి బడిలో లోటు గురించి బయట నోరు విప్పుతాడా? నేనైనా విప్పను. అందుకే ఆ బరువు వాళ్ల మీద పెట్టకూడదు. ఆ పని మనది.

హక్కు ఉందా అని అడుగుతారేమో. ఉంది. 1996 పీసా చట్టం నాలుగో సెక్షన్లో, సామాజిక రంగాల్లోని సంస్థల మీద, వాటి ఉద్యోగుల మీద అదుపు గ్రామసభకి, తగిన స్థాయి పంచాయతీలకి ఉండాలని రాసి ఉంది. బడి అందులోకి రాకపోతే ఇంకేం వస్తుంది? 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా ఉన్న సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మా డివిజన్లో ఒక బడి కమిటీలో ఉన్న ఒక అమ్మని అడిగితే, తాను కమిటీలో ఉన్నట్టే ఆమెకి తెలియదు. ఆధార్ కార్డు అడిగితే ఇచ్చిందట, వేలిముద్ర వేసిందట.

తిండి లెక్క కూడా అంతే. తెలంగాణలో 2024 చివర్లో డైట్ చార్జీలు పెంచారు. 8 నుంచి 10వ తరగతి దాకా చదివే పిల్లకి నెలకి 1,100 నుంచి 1,540 రూపాయలు అయ్యింది. రోజుకి 51 రూపాయల చిల్లర. ఎక్కువేం కాదు, కానీ ఆ డబ్బుకి ఏ రోజు గుడ్డు, ఏ రోజు చికెన్ అనేది మెనూ బోర్డు మీద ఉంటుంది. బోర్డు మీద ఉన్నది కంచంలో పడుతుందా అని అడిగే ముందు, బోర్డు మీద ఏముందో మన ఇంటివాళ్లకి చెప్పాలి కదా.

ఇక చేయాల్సింది. తల్లిదండ్రులని కలవనిచ్చే రోజున ఊరి నుంచి ఇద్దరు పోవాలి, తల్లిదండ్రులతో కలిసి. ఆడపిల్లల హాస్టలైతే చెల్లెళ్లే పోవాలి. మగపిల్లలు గుంపుగా బండ్లేసుకుని గేటు దగ్గర హారన్ కొట్టడం ఉద్యమం కాదు. పిల్లల ఫోటోలు, జబ్బుల వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, ఎంత కోపం వచ్చినా సరే. వంటక్కతో మాట్లాడండి, ఆమెకి తెలిసినంత హెడ్‌మాస్టర్‌కి కూడా తెలియదు. ఏ సబ్జెక్టుకి సారు లేడు, ఎవరు తిరిగి రాలేదు, జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకుపోతున్నారు అని అడగండి. ఎవరు బాగా చదువుతున్నారో, ఎవరు బాగా ఆడుతున్నారో కూడా తప్పకుండా తెలుసుకుని రండి. పిల్ల గెలిచిన సంగతి ఊరి మధ్యలో చెప్తే ఆ తల్లి సంక్రాంతి తర్వాత ఆ పిల్లని మిర్చికి తీసుకుపోయే ముందు ఒకసారి ఆగుతుంది. చెప్పేది కోయలోనే చెప్పండి.

"బయటివాళ్లు వస్తే బడి పాడవుతుంది" అనే సార్లుంటారు. తగువు పడొద్దు. మేము బయటివాళ్లం కాదు, ఈ పిల్లల అన్నలం, అక్కలం అని చెప్పి రిజిస్టర్లో సంతకం పెట్టి లోపలికి పోండి.

ఈలోపు ఒక పని ఉంది. ఏ పిల్ల ఏ హాస్టల్లో, ఏ తరగతిలో ఉందో బడి దగ్గర జాబితా ఉంది, ఐటీడీఏ దగ్గర ఉంది. ఊరి దగ్గర లేదు. భూమి పండుగకి ఊరంతా ఒకచోట చేరుతుంది, పిల్లలు కూడా ఇంకా ఇళ్ల దగ్గరే ఉంటారు. ఒక నోటుబుక్కు కొనండి. ఇంటింటికీ అడిగి పిల్ల పేరు, తరగతి, బడి, వార్డెన్ నెంబరు రాయండి. హాస్టల్ వాళ్లకి ఇంటివాళ్లు ఇచ్చిన ఫోన్ నెంబరు ఎవరిదో, అది ఇప్పటికీ పనిచేస్తుందో లేదో కూడా చూడండి. పనిచేయకపోతే జూన్‌లో పిల్లని దించేటప్పుడే మార్పించండి.