మట్టిలో మలచిన మన్యము

అఖండ భారతదేశమును గిరిశిఖరములతోను నదీమార్గములతోను పాలరాతిపై చెక్కించి, కాశీ భారతమాత మందిరమున శివప్రసాద్ గుప్త నెలకొల్పిన మహాపటమును 1936లో గాంధీమహాత్ముడు ఆవిష్కరించెను. అందు కొండలున్నవి, కొండలలోని జనులు లేరు. ఆ లోటు తీర్చునది మన అరకులోయయందు 1996లో వెలసిన గిరిజన మ్యూజియము.

మన్యపు వంటయిల్లు, వేట, వివాహము ఇందు మట్టిబొమ్మలుగా రూపుదాల్చినవి. ధింసా ఆడు స్త్రీలు ఒకరి వెనుకనుండి ఒకరు చేతులు పెనవేసికొని, తుడుము మ్రోతకు లోబడి, ఒక్క శరీరమువలె వంగుచు సాగుట ఎరిగినవారికి, ఆ నిశ్చల ప్రతిమలయెదుట నిలిచినప్పుడు హృదయము చలింపక మానదు.

అయినను మట్టిబొమ్మ కాలమును ఒకచోట నిలుపును, బ్రదుకు నిలువదు. కెరంగు నారతో చీరలు నేసిన గదబ స్త్రీల వారసులు నేడు కాఫీతోటలలో పండ్లు కోయుచున్నారు, పిల్లలను బడికి పంపుచున్నారు. పోర్జ, కోటియ, కొండదొర, ఖోందు జనులు గతకాలపు వస్తువులు కారు, మన సమకాలికులు. ఆ ప్రతిమలను గూర్చి చెప్పవలసిన మాటలు మొదట వారినోటనే వినవలెనని, కువి మొదలగు వారి భాషలలోనే ఫలకములు వ్రాయింపవలెనని మా దృఢాభిప్రాయము.

ఈ సంచిక మన్యమునకే అంకితము. అరకు చూడబోవు పాఠకులు మ్యూజియముతో మరలిరాక, శుక్రవారపు సంతకును పోయి, అచ్చటివారితో సావకాశముగా మాటలాడవలసినదిగా ప్రార్థించుచున్నాము.