గెలిస్తే ఏం చేస్తారు?

ఓట్లడగడానికి వచ్చినవాళ్లను చూసి ‘వీళ్లకేం, నోటికొచ్చిందల్లా చెబుతారు’ అని విసుక్కోనివాళ్లు అరుదు. సరే, ఆ అభ్యర్థి మీరే అయితే? ఏం చెబుతారు?

ఈ ప్రశ్నతోనే నడిచే ఆటలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఆస్ట్రేలియా రచయిత మాక్స్ బారీ 2002లో తన నవల ప్రచారం కోసం ‘నేషన్‌స్టేట్స్’ మొదలుపెట్టాడు. అందులో ఆడేవాళ్లు తలా ఓ దేశాన్ని ఏలుతారు. 2008లో వచ్చిన ‘ఈ-రిపబ్లిక్’లోనైతే పార్టీ పెట్టొచ్చు, తోటి ఆటగాళ్ల ఓట్లతో దేశాధ్యక్షుడైపోవచ్చు. ఓట్లు కావాలంటే ‘నేను గెలిస్తే...’ అంటూ నాలుగు ముక్కలు రాయాలి. అసలు చిక్కంతా అక్కడే.

ఆ ఆటను మన ఊళ్లకు తెచ్చుకుందాం. మీరు పోటీ చేసేది నాగర్‌కర్నూల్ లోక్‌సభ స్థానానికి అనుకోండి. గద్వాల, అలంపూర్, వనపర్తి, కొల్లాపూర్, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, కల్వకుర్తి... మొత్తం ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలు. ఎస్సీ రిజర్వుడు స్థానం కాబట్టి నిజం ఎన్నికలో డిపాజిట్ 12,500 రూపాయలు. ఆటకు మాత్రం కాగితం, కలం చాలు.

మొదటి హామీ ఏం రాస్తారు? చాలామంది రైలు అనే రాస్తారు. గద్వాలకు రైలుంది. వనపర్తి పేరు పెట్టుకున్న స్టేషన్ ‘వనపర్తి రోడ్డు’ ఊరికి దూరంగా ఉంది. నాగర్‌కర్నూల్ పట్టణానికి అదీ లేదు. ఈ మూడింటినీ కలిపే గద్వాల-మాచర్ల లైను మాట తాతల కాలం నుంచీ వింటున్నదే. ఇంకేం, ‘రైలు తెస్తాను’ అని రాసేశారు. చప్పట్లు!

కాస్త ఆగండి. 2013 జూలైలో సుబ్రమణ్యం బాలాజీ కేసులో సుప్రీంకోర్టు మ్యానిఫెస్టోలకు మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘానికి చెప్పింది. సంఘం 2014లో వాటిని ఎన్నికల నియమావళిలో చేర్చింది. హామీ వెనుక ఓ హేతువుండాలి, దానికి డబ్బెలా తెస్తారో స్థూలంగానైనా చెప్పాలి, నెరవేర్చగల వాటి మీదే ఓటరు నమ్మకం కోరాలి అని వాటి సారాంశం. మన ఆటలో దీన్ని గట్టిగా అమలు చేద్దాం. ప్రతి హామీ పక్కన మూడు గళ్లు గీయండి. ఈ పని ఎవరి చేతిలో ఉంది? డబ్బెక్కడిది? ఎన్నేళ్లు పడుతుంది?

రైలు విషయంలో మొదటి గడిలోనే కలం ఆగిపోతుంది. రైల్వే కేంద్రానిది. ఎంపీ అడగగలడు, పట్టుబట్టగలడు. మంజూరు మాత్రం ఆయన చేతిలో లేదు. కాబట్టి ‘తెస్తాను’ కొట్టేసి ‘పార్లమెంటులో అడుగుతాను, ఏం జవాబొచ్చిందో ఏటా మీకు చెబుతాను’ అని రాసుకోవాలి. చప్పట్లు తగ్గుతాయి. మాట మాత్రం నిలుస్తుంది.

రెండో గడి డబ్బు. ఎంపీ నియోజకవర్గ నిధులు ఏడాదికి 5 కోట్లు. ఏడు భాగాలు చేస్తే ఒక్కోదానికి సుమారు 71 లక్షలు. మొత్తంలో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకు సిఫారసు చేయాలన్నది నిబంధన. ఈ డబ్బుతో తరగతి గదులు కట్టించొచ్చు. నల్లమలలోని చెంచు పెంటకు తాగునీటి వసతి కల్పించొచ్చు. ఎత్తిపోతల పథకం మాత్రం రాదు.

నీళ్ల దగ్గరికొస్తే మూడో గడి భయపెడుతుంది. పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగితే, నార్లాపూర్ దగ్గర తొలి పంపు తిరిగింది 2023 సెప్టెంబరులో. ఎనిమిదేళ్లు దాటింది. ఎంపీ పదవీకాలం అయిదేళ్లే! అలంపూర్ వైపు రాజోలిబండ కాల్వది ఇంకో కథ. పొలాలు మనవైపు, ఆనకట్టేమో కర్ణాటకలో. అక్కడ ‘చివరి ఎకరాకు నీళ్లు’ అని రాసే అభ్యర్థి పక్క రాష్ట్రాలతో ఏం మాట్లాడతాడో కూడా రాయాలి. వలస పోయి ‘పాలమూరు లేబర్’ అనిపించుకున్న ప్రాంతమిది. ఇక్కడ నీటి హామీ అంటే ఓ కుటుంబం ఊళ్లో ఉండటమా, మూటాముల్లె సర్దుకోవడమా అన్న లెక్క.

‘ఇంత లెక్క ఎవరు చదువుతారండీ, నెట్‌లో పేరొస్తే చాలదా?’ అంటారేమో. దానికీ ఇక్కడే ఓ ఉదాహరణ ఉంది. డిగ్రీ చదివినా ఉద్యోగం లేదని బర్రెలు కాస్తూ తీసిన వీడియోతో ‘బర్రెలక్క’గా పేరు తెచ్చుకున్న కర్నె శిరీష 2023 అసెంబ్లీ ఎన్నికల్లో కొల్లాపూర్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడింది. గుర్తు ఈల. ఫోన్లలో ఆమెను చూసినవాళ్లకు లెక్కలేదు. వచ్చిన ఓట్లు 5,754. తెరమీద నొక్కిన వేలూ, బూత్‌లో నొక్కే వేలూ ఒకటి కావని తేలింది. అయితే పార్టీ లేని ఓ పేదింటి అమ్మాయి నిరుద్యోగాన్ని నలుగురి నోళ్లలో నానేలా చేసిందన్నదీ నిజమే.

ఈ ఆదివారం ఇంట్లో ఈ ఆట ఆడి చూడండి. తలా మూడు హామీలు, ఒక్కో హామీకి మూడు గళ్లు. నాన్న రోడ్డు రాస్తాడు, అమ్మ ఆస్పత్రి రాస్తుంది, పిల్లలు కాలేజీ రాస్తారు, గద్వాలలో మగ్గమున్న ఇంట్లోనైతే తాతయ్య నూలు ధర గురించి రాస్తాడు. ఎవరి గళ్లు నిండితే వాళ్లు గెలిచినట్టు. నిండనివాళ్లను ఏడిపించకండి. ఆ గళ్లు నింపలేక తిప్పలు పడే పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు.

రేపు నిజం అభ్యర్థి గడప తొక్కినప్పుడు ఈ మూడు ప్రశ్నలే అడగండి. ఆటలో తప్పు చేస్తే మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఓటింగు యంత్రంలో ఆ మీట లేదు. మళ్లీ మొదలవడానికి అయిదేళ్లు ఆగాలి.